నాటకంలోంచి తీసేసిన మెలిక

నా చిన్నప్పుడు తాండూరులో మా ఇంటి మేడమీద రెండు గదుల్లో కాలేజీ సారు ఒకాయన కిరాయికి ఉండేవారు. పగలు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవారు, మిగిలిన పొద్దంతా నాటకాలకు పాటలు కట్టేవారు. కింద మాది కందుల వ్యాపారం. వీధి వైపు దుకాణం, పెరటి వైపు గోదాము, మధ్యలో మేము. కింద జల్లెళ్ల చప్పుడు, పైన హార్మోనియం. మిగతా పిల్లలు దేనికి నిద్ర లేచేవారో తెలియదు గానీ, నేను మాత్రం ఈ రెండింటికే లేచేదాన్ని.

సారుది దౌల్తాబాద్ పక్కన ఒక పల్లె. చదువుకునే రోజుల్లో సెలవులు వస్తే చాలు, ఊరూరా తిరిగే నాటక సమాజం వెంట పోయి హార్మోనియం నేర్చుకున్నారట. మాతోనే ఉండిపొమ్మని సమాజం వాళ్లు, చదువు మానొద్దని తండ్రి. ఈయన ఇద్దరి మాటా విన్నారు. కాలేజీలో ఉద్యోగం వచ్చాక కూడా నాటకాలు వదల్లేదు. తోటి పంతుళ్లు కొందరు వెనకాల ఆయన్ను 'భాగోతం సారు' అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒక్క పాఠం ఎగ్గొట్టకుండా, ఒక్క నాటకం ఆపకుండా, ఆ పేరు మోస్తూనే ఏళ్లకేళ్లు కాలేజీకి నడిచి వెళ్లారు.

ఆయన పాటలు కట్టే పద్ధతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఆయన ఏ బాణీనీ కాగితం మీద రాసేవారు కాదు. పొద్దున కాలేజీకి పోతూ మెట్ల కింద నన్ను పిలిచి, కొత్తగా కట్టిన పాట రెండంటే రెండుసార్లు పాడి వినిపించేవారు. మళ్లీ చెప్పమన్నా చెప్పేవారు కాదు. నేను బడికి పోయి, ఆడుకుని, కొట్లాడుకుని, నాయనమ్మ చెప్పిన పనులన్నీ చేసేసరికి సాయంత్రమయ్యేది. ఆయన వచ్చి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుతూ, "ఏదీ బిడ్డా, పొద్దుగాల పాట జర పాడు" అనేవారు. నాకు గుర్తున్నంత పాడేదాన్ని. ఆయన తల వంచుకుని వినేవారు, దిద్దేవారు కాదు. అయిపోయాక జేబులోంచి పల్లీపట్టీ తీసి నా చేతిలో పెట్టి పైకి వెళ్లిపోయేవారు.

అప్పుడు నాకు పదకొండేళ్లు. కాలేజీ సారు రోజూ నాకు పాట నేర్పుతున్నారంటే నేను గొప్ప గాయకురాలిని కాబోతున్నానని తప్ప ఇంకోలా ఎందుకు అనుకుంటాను? ఆ ఏడు ఆయన కాలేజీ పిల్లలతో కొత్త నాటకం వేయించబోతున్నారు. నీళ్లు లేని ఊరు. ఒకడు బావి తవ్వుతానంటాడు. ఊరంతా నవ్వుతుంది. అతను, అతని చిన్న కూతురు కలిసి తవ్వుతారు, ఆఖరికి నీళ్లు పడతాయి. అంతే కథ. అందులో ఆ చిన్న కూతురికి రెండు పాటలున్నాయి. ఆ వేషం నాదేనని నాకు నేనే ఇచ్చేసుకున్నాను. ఇచ్చుకుని ఊరుకోక బడిలో అందరికీ చెప్పాను. మా క్లాసులో నా పక్కన కూర్చునే పిల్లయితే, నాటకం నాడు నా జడకు పెట్టడానికి వాళ్లింటి కనకాంబరాలు తెస్తానని మాట కూడా ఇచ్చింది.

ఆ నాటకంలో సారుకు ప్రాణమైన పాట ఒకటుంది. నీళ్లు పడ్డప్పుడు బావి అడుగు నుంచి హీరో పాడేది.

తవ్వంగ తవ్వంగ తడి తాకెనమ్మా
అలిగిన నీళ్లమ్మ అలక మానెనమ్మా

ఇందులో 'తడి' అనే మాట దగ్గర ఆయన ఒక మెలిక పెట్టారు. గొంతు అక్కడినుంచి ఏడు మెట్లు ఎక్కాలి, పైన ఒక్క క్షణం ఆగాలి, గిరుక్కున తిరిగి కిందికి దిగి 'తాకెనమ్మా' అందుకోవాలి. సారు పాడుతుంటే అది ఒళ్లు జలదరించేటంత బాగుండేది. నేను పాడితే మాత్రం ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. 'తడి తాకెనమ్మా' అని నేలమీదనే నడిచిపోయేదాన్ని. వేరే పాటలు ఒక్కరోజుతో అయిపోయేవి గానీ, ఈ పాటను ఆయన మూడు రోజులకోసారి మళ్లీ తెచ్చేవారు. నేను మూడు రోజులకోసారి ఆ మెలికను మింగేసేదాన్ని. ఆయన నిట్టూర్చి పల్లీపట్టీ ఇచ్చేవారు.

ఒక ఆదివారం హీరో వేషం కట్టే కాలేజీ అన్న సారు దగ్గరికి వచ్చాడు. నాయనమ్మ రెండు చాయ్ గ్లాసులు నా చేతికిచ్చి పైకి పంపింది. సగం మెట్లెక్కేసరికి లోపలి మాటలు వినబడ్డాయి. కూతురి వేషం కింది ఇంటి పిల్లకేనా, రోజూ పాడిపిస్తున్నరు కదా అని అన్న అడుగుతున్నాడు.

"లేదు," అన్నారు సారు. "గామెకు గొంతు లేదు. గొంతు లేదు గనుకనే గామెకు చెప్తున్న. గొంతున్నోళ్లు ఏదైనా పాడేస్తరు. గామె నోట్ల పొద్దంత నిలిచిన ముక్కనే పాట. పడిపోయిన ముక్క నేను తీసేస్త. గామె నా జల్లెడ."

చాయ్ గ్లాసులు ఆ మెట్టు మీదనే పెట్టి దిగి వచ్చేశాను. జల్లెడ అంటే ఏమిటో మా ఇంట్లో పుట్టిన పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొద్దంతా దాన్ని పట్టుకుని ఊపుతారు, కందులు ఒకవైపు, రాళ్లు ఒకవైపు పడతాయి. పని అయ్యాక దాన్ని మేకుకు తగిలిస్తారు. కందులతో పాటు దాన్ని ఎవరూ వండుకోరు. పెరట్లో నీళ్ల గోలెం వెనక కూర్చుని ఏడ్చాను. బడిలో ఏం చెప్పాలా అని ఏడ్చాను, కనకాంబరాలు గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను. అయితే నాలో ఒక గుణముంది. కోపం వస్తే నాకు ఏడుపు నిలవదు. ముక్కు తుడుచుకుని లేచేసరికి ఒక్కటే అనుకున్నాను. నాకు గొంతు లేదన్నారు కదా, ఆ మెలిక నేను పాడి చూపిస్తాను.

ఎక్కడ సాధన చేయాలి? ఇంట్లో అయితే సారుకు వినబడుతుంది, వీధిలో అయితే నవ్వుతారు. గోదాము గుర్తొచ్చింది. అటూ ఇటూ పైకప్పు దాకా కందుల బస్తాలు. అక్కడ ఎంత గట్టిగా అరిచినా బస్తాలు మింగేస్తాయి, గడప దాటదు. హమాలీలు ఎక్కడానికి వీలుగా ఒక పక్క బస్తాలను మెట్లు మెట్లుగా పేర్చేవారు. మెలికను ముక్కలు చేసి ఒక్కో బస్తా మీద ఒక్కో స్వరం పెట్టాను. మొదటి బస్తా ఎక్కి మొదటి స్వరం, రెండోది ఎక్కి రెండో స్వరం. మూడో దాని దగ్గర గొంతు జారేది. జారితే దిగిపోయి మళ్లీ మొదటినుంచి ఎక్కాలని నాకు నేనే షరతు పెట్టుకున్నాను. మొదటి వారమంతా మూడో బస్తా దాటలేదు.

ఒకరోజు నాయనమ్మ తలుపు తోసుకుని వచ్చింది. జుట్టునిండా కందిపొట్టుతో బస్తా మీద నిలబడి ఉన్నాను.

"ఏందే, నీకు దయ్యం గిట్ల పట్టిందా? గా కూతలేంది?"

"పాట నేర్సుకుంటున్న."

"పాటైతే ఇంట్ల నేర్సుకోరాదా?"

"ఇంట్ల అందరు ఇంటరు."

"ఇనకుండ పాడేదేం పాటనే," అని తిట్టింది. నా జుట్టు దులిపింది. నా ముఖంలో ఏం కనబడిందో మరి, వెళ్తూ వెళ్తూ గోదాము తలుపు గట్టిగా దగ్గరికి వేసి పోయింది. ఆ తర్వాత ఆ వేళకు గోదాములోకి హమాలీలను కూడా రానిచ్చేది కాదని నాకు చాలా ఏళ్లకు తెలిసింది.

ఇరవై రోజులు పట్టింది. ఆఖరికి ఒక మధ్యాహ్నం ఏడో బస్తా ఎక్కాను, జారకుండా దిగాను. మర్నాడూ ఎక్కాను, దిగాను. ఆ సాయంత్రం సారు మెట్ల మీద కూర్చుని బూటు విప్పుతుంటే అడక్కముందే ఎదురుగా నిలబడి పాడాను. 'తడి' దగ్గర కళ్లు మూసుకుని బస్తాలెక్కినట్టే ఎక్కి దిగాను. కళ్లు తెరిచేసరికి సారు బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉన్నారు.

"ఇంకోసారి," అన్నారు. పాడాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "నిలబడ్డది," అన్నారు తనలో తాను. "నాకెరుకే, గిది నిలబడ్తదని." ఒక కాలికి బూటు, ఒక చేతిలో బూటు, అలాగే పైకి పరుగెత్తారు. హార్మోనియం మోగింది. ఆ వేషం నాకిస్తానని చెప్పడానికి రేపో ఎల్లుండో పిలుస్తారని ఎదురుచూశాను. పిలవలేదు. ఆ వేషం ఎవరో కాలేజీ పిల్లవాడి చెల్లెలికి ఇచ్చారు. ఆ పిల్ల నిజంగానే బాగా పాడుతుంది. అది ఒప్పుకోవడానికి నాకు అప్పుడు ప్రాణం పోయినంత పనయింది.

కాలేజీ వార్షికోత్సవం నాడు సాయంత్రం మైదానంలో నాటకం వేశారు. ముందు వరుసల్లో చాపలు పరిచి మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. నాటకం బాగానే నడిచింది. నీళ్లు పడే ఘట్టం వచ్చింది. హీరో అన్న గడ్డపార కింద పెట్టి పాట అందుకున్నాడు. 'తడి' దగ్గర మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మూడో మెట్టు మీద, సరిగ్గా నేను జారే చోటనే, అన్న గొంతు చీలింది. హార్మోనియం మీద సారు మళ్లీ అందించారు. అన్న మళ్లీ ఎక్కబోయాడు, మళ్లీ చీలింది. వెనక కుర్రవాళ్లు ఈల వేశారు. నవ్వు ముందు వరుసల దాకా పాకింది. అటు బావిలో నీళ్లు పడ్డాయి, ఇటు ఎవరూ చూడలేదు. అన్న తల వంచుకుని పాట ముగించాడు.

నాటకం అయ్యాక సారు రంగం మీద ఉండరు. దండలు వేయించుకోవడానికీ నిలబడరు. గేటు దగ్గర చాయ్ బండి పక్కన, ఎవరి కోసమో చూస్తున్నట్టు అటు తిరిగి నిలబడతారు. ఇళ్లకు పోయే జనం నోట్లో ఏ పాట ఉందో వింటారు. చప్పట్లు మర్యాదకు కొడతారు, నోట్లో పాట మర్యాదకు పెట్టుకుపోరు అనేవారు. నేనూ పోయి ఆయన పక్కన నిలబడ్డాను. కూతురి పాట పాడుకుంటూ పోయారు కొందరు. ఊరివాళ్లు వెక్కిరించే పాట ఈలగా వేసుకుంటూ పోయారు కొందరు. జనం పలచబడ్డారు.

"నీళ్ల పాట ఒక్కలు గూడ పట్టుకపోలే," అన్నారు సారు. నా వైపు తిరిగారు. "నీ నోట్లయితే నిలబడ్డది కద బిడ్డా. మరి గిట్లెట్లయింది?"

ఆ అడగడంలో అనుమానం లేదు, కోపం లేదు. నిజంగానే అర్థంకాక అడిగారు. తిట్టి ఉంటే ఎదురు చెప్పేదాన్ని. అలా అడిగేసరికి నిలబడలేక మా వాళ్ల దగ్గరికి పరుగెత్తాను.

మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి పోయి గడపలో నిలబడి అంతా చెప్పేశాను. చాయ్ గ్లాసుల నాడు విన్నది, గోదాము, బస్తాలు, ఇరవై రోజులు. మీ జల్లెడను నేనే పాడు చేశాను సార్ అని కూడా చెప్పాను. సారు ఆ మెలిక నేను పట్టుకోకపోతే ఆ వారంలోనే తీసేద్దామనుకున్నారట. నేను పాడేసరికి ఆగిపోయారట.

"తప్పు నీది గాదు," అన్నారు. "నీతోని పని చేయించుకున్న, ఎందుకో నీకు చెప్పలే. చెప్పి అడగాల్సింది. నీ ఎనక మాట్లాడిన, గది ఇంకో తప్పు." తర్వాత లేచి, "పా, గా బస్తాలు చూపియ్యి," అన్నారు.

గోదాములో ఆయన కిందనే నిలబడ్డారు. నేను ఏడు బస్తాలు ఎక్కుతూ పాడాను. మూడో దాని మీద జారాను, దిగాను, మళ్లీ ఎక్కాను. నాలుగోసారికి పైదాకా పోయాను. సారు ఒక బస్తా మీద కూర్చుండిపోయారు. ఇప్పుడైనా గొంతుందంటారేమోనని చూశాను. సారు అబద్ధం ఆడే మనిషి కాదు.

"గొంతు ఇప్పటికీ లేదు బిడ్డా," అన్నారు. "గని గింత పట్టు నేను యాడ చూడలే. గొంతులు నాకు మస్తు దొరుకుతయ్."

ఆ నాటకాన్నే రెండు వారాల తర్వాత ఆదివారం మధ్యాహ్నం వికారాబాద్‌లో వేయాలి. నేను బస్తా మీదినుంచే, ఆ మెలిక హీరో అన్నకు రాకపోతే తెర వెనకనుంచి నేను పాడతానన్నాను. సారు వద్దన్నారు. వికారాబాద్‌కు ఆ మెలిక రాదు, తీసేస్తున్నానన్నారు. అప్పుడు నాకు ఏడుపాగలేదు. ఇరవై రోజులు, ఇరవై రోజులు అని అదే మాట అంటూ ఏడ్చాను.

"నీ ఇరవై రోజులు నేను తీస్తలేను. మెలిక తీస్తున్న. గవి రెండు వేరు," అన్నారు. "నాక్కూడ గది పాణమే. గది కట్టనీకె నాకు ఆరు నెలలు పట్టింది." తమకు అంత ఇష్టమైనదాన్ని పెద్దవాళ్లు తమ చేతులతో తీసి పక్కన పెడతారని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఆయన, నేను ఎదిగిన మనిషినైనట్టు నా ఎదురుగా నిలబడి అడిగారు. "గీసారి చెప్పి అడుగుతున్న. గా చోట కొత్త బాణీ కడ్త. నా జల్లెడగ ఉంటవా? ఇష్టం లేకుంటే వద్దను, ఏమనుకోను. ఉంటే మాత్రం సాధన చెయ్యొద్దు."

"ఉంట," అన్నాను. "గని నన్ను జల్లెడ అనొద్దు."

"మరేమనాలె?"

"పేరు పెట్టి పిలువుండ్రి."

సారు నవ్వారు. ఆ రోజునుంచి ఆయన పోయేదాకా నన్ను పేరు పెట్టే పిలిచారు.

సాధన చేయకుండా ఉండడానికి సాధన చేసినదానికంటే ఎక్కువ పట్టుదల కావాలని ఆ వారంలో నాకు తెలిసింది. పొద్దున రెండుసార్లు వినేదాన్ని. నాలుక మీద పాట ఆడుతుంటే గట్టిగా ఎక్కాలు చదువుకునేదాన్ని. రెండు బాణీలు నా నోట్లో నిలవలేదు, సారు వాటిని తీసేశారు. మూడోది విన్న రోజు సాయంత్రం బడినుంచి రావడానికి ఆలస్యమైంది. సారు అప్పటికే మేడ మీదికి వెళ్లిపోయారు. ఉరుక్కుంటూ మెట్లెక్కి, రొప్పుతూ పాట అందుకున్నాను. 'తవ్వంగ తవ్వంగ తడి' దాకా వచ్చేసరికి ఊపిరి అందలేదు. ఆగాను. గుండెలనిండా గాలి పీల్చుకుని, మెల్లగా 'తాకెనమ్మా' అన్నాను.

"గాడ ఎందుకాగినవ్?"

"దమ్ము సాలలే సార్. ఉరికొచ్చిన."

సారు హార్మోనియం మీది చేయి తీసేశారు. "బావి తవ్వెటోనికి దమ్ము యాడ సాల్తది," అన్నారు నెమ్మదిగా. "గింత లోతుకు తవ్వి తవ్వి, కాలికి తడి తగిలితే, వాడు మెలికలు తిప్పుతడా? ఆగుతడు. నిజమా కాదా అని ఆగుతడు." అప్పటికప్పుడు హీరో అన్నకు కబురు పెట్టారు.

వికారాబాద్‌కు ప్యాసింజరు బండిలో వెళ్లాం. హార్మోనియం పెట్టె, తబలా, గడ్డపార, బావి గట్టు కోసం అట్టతో చేసిన రాళ్లు, వాటి మధ్యలో నేను, మా నాన్న. స్టేషనుకు దగ్గరలో ఒక బడి హాలు. నీళ్లు పడే ఘట్టం వచ్చింది. హీరో అన్న గడ్డపార కింద పెట్టాడు. పాదం వైపు చూసుకున్నాడు. 'తవ్వంగ తవ్వంగ తడి' అని ఆగాడు. హార్మోనియం ఆగింది, తబలా ఆగింది. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. అప్పుడు మెల్లగా 'తాకెనమ్మా' అన్నాడు. జనం లేచి నిలబడ్డారు. నాటకాల్లో పాట నచ్చితే వన్స్‌మోర్ అని అరిచి మళ్లీ పాడించుకోవడం మామూలే. అలా రెండుసార్లు పాడించుకున్నారు. రెండుసార్లూ అక్కడ అదే నిశ్శబ్దం. నా పక్కనున్న ఎవరికీ తెలియదు గానీ ఆ నిశ్శబ్దం నాది. నాకు గొంతు లేకపోవచ్చు, రంగం ఎక్కకపోవచ్చు, అది మాత్రం నాది.

సాయంత్రం బండి అందుకోవడానికి నడుస్తుంటే మా ముందు ఒక మనిషి, భుజాన చేతిసంచీ, మోమిన్‌పేట్ బస్సు కోసం గబగబా పోతున్నాడు. పోతూ పాట పాడుకుంటున్నాడు. 'తడి' దగ్గర ఆగాడు. నాలుగు అడుగులు వేశాడు. 'తాకెనమ్మా' అన్నాడు. సారు నా చేయి గట్టిగా పట్టుకున్నారు.

ఇంత జరిగినా నేను బండిలో ముఖం ముడుచుకునే కూర్చున్నాను. సంతోషం లేక కాదు. గోదాములో నేను ఎక్కిన ఏడు బస్తాలు ఇక ఎవరికీ అక్కర్లేదని బాధ. సారు అది చూసి, హార్మోనియం పెట్టె తెరవమన్నారు. ఒడిలో పెట్టుకుని నన్ను పేరు పెట్టి పిలిచి, మెలికతో పాడమన్నారు. కాలేజీ పిల్లలంతా మాటలాపి చూశారు. కిటికీ ఊచ పట్టుకుని లేచి నిలబడ్డాను. మూడో మెట్టు దగ్గర జారాను. ఎవరూ నవ్వలేదు. సారు మళ్లీ మొదటి స్వరం దగ్గరికి వెళ్లి నా కోసం ఆగారు. ఈసారి పైదాకా పోయి, నిలిచి, దిగాను. ఎదురుగా కన్నడం మాట్లాడే ముసలమ్మ ఒకామె తట్ట ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కర్ణాటకలో వాడీ స్టేషను దాకా పోయే మనిషి. "చెన్నాగిదె," అంది. బాగుందని ఆమె భాషలో.

సారు పెట్టె మూసి గొళ్లెం పెట్టారు. "చెడ్డదని తీయలే. నాటకానికి వద్దు గనుక తీసిన," అన్నారు. "ఇగ గిది నీది. నేను ఎవ్వలకు చెప్పను, యాడ వాయించను." అన్నట్టే, మళ్లీ ఆ మెలికను మేడమీద కూడా ఎన్నడూ వాయించలేదు.

నేను పెద్దయ్యాక పంతులమ్మనయ్యాను. వికారాబాద్‌నుంచి మోమిన్‌పేట్‌కు ఏళ్ల తరబడి బస్సులో పోయి లెక్కలు చెప్పాను. కొత్త పాఠం చెప్పిన మర్నాడు చివరి బెంచీలో, లెక్కలంటే భయపడే పిల్లను లేపి, నిన్నటిది నీకు గుర్తున్నంత చెప్పమనేదాన్ని. ఎందుకు అడుగుతున్నానో ముందే చెప్పి అడిగేదాన్ని. ఆ పిల్ల నోట్లో నిలవనిది నా పాఠంలో ఎక్కువైందని తీసేసేదాన్ని. ఒక్కోసారి ఆ పిల్ల తడబడి ఆగిన చోటే నాకు మంచి దారి దొరికేది.

సారు ఉద్యోగం అయ్యాక పల్లెకు వెళ్లిపోయారు, అక్కడే పోయారు. ఈమధ్య ఆయన శిష్యుల పిల్లలు కొందరు సారు పాటలన్నీ కూడబెడదామని ఫోన్లు పట్టుకుని తిరుగుతున్నారు. ఒక్క కాగితం దొరకలేదు. అయినా పాటలన్నీ దొరుకుతున్నాయి. ఒకటి దర్జీ నోట్లో, ఒకటి కూరగాయలమ్మే ఆమె నోట్లో. నా దగ్గరికీ వచ్చారు. నీళ్ల పాట పాడాను, ఆగాల్సిన చోట ఆగాను. వాళ్లు రికార్డు చేసుకుని, ఆ చోట ముందు ఇంకేదో ఉండేదట కదా పెద్దమ్మా, హీరో వేషం కట్టిన తాతగారు చెప్పారు, అది మీకొక్కరికే వచ్చట అని అడిగారు. అది నాటకంలోది కాదని చెప్పి పంపించేశాను.

మా ఇంటి డాబా మీదికి పోయే మెట్లు ఏడు కంటే ఎక్కువే ఉన్నాయి గానీ నేను రోజూ పొద్దున ఏడే ఎక్కుతాను. మోకాళ్లు నొప్పి, గోడ పట్టుకుని ఎక్కుతాను. గొంతు ఎప్పుడూ లేనిదే, ఇప్పుడు వణుకు కూడా తోడైంది. ఇవాళ మూడో మెట్టు మీద జారింది. దిగి, మళ్లీ మొదటినుంచి ఎక్కాను.